బోల్డ్ ఇటాలిక్ సాన్స్ అక్షరాలు సరిగ్గా వాడటం ఎలా: ఫ్లెక్సీ నుంచి ఫోన్ తెర దాకా

"బీ నొక్కాను, ఐ నొక్కాను. అక్షరాలు లావయ్యాయి, వంగాయి కూడా. కానీ ఎక్కడో తేడా కొడుతోంది. ఎందుకు?" డీటీపీ నేర్చుకునే కుర్రాళ్లు, షాపు పోస్టరు సొంతంగా చేసుకునేవాళ్లు, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. చాలాసార్లు కారణం ఒకటే ఉంటుంది. వాళ్లు వాడింది బోల్డ్ ఇటాలిక్ కాదు. సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు ఉబ్బించి, పక్కకు తోసి ఇచ్చిన నకలు.

అసలుదాన్ని గుర్తుపట్టడం, దాన్ని ఎక్కడ వాడాలో తేల్చుకోవడం, పక్కన తెలుగు ఉంటే ఏం చేయాలో తెలుసుకోవడం, ఈ మూడూ వస్తే మిగతా పని సులువు. ఉదాహరణకి ఒకే పనిని చివరిదాకా తీసుకెళ్తాను. ఒక సెల్‌ఫోన్ షాపు ప్రారంభానికి 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ చేయాలి. పైన ఇంగ్లిష్ లిపిలో పెద్దగా 'గ్రాండ్ ఓపెనింగ్', దాని కింద తెలుగులో 'ప్రారంభోత్సవ ఆహ్వానం', ఆ కింద తేదీ, చిరునామా, ఫోన్ నంబరు.

1. ముందు కన్నుకి అలవాటు చేయండి

సాన్స్ అంటే అక్షరం చివర్లలో చిన్న అడ్డగీతలు లేనిది. ఏరియల్, కాలిబ్రి, వెర్డానా, ఓపెన్ సాన్స్, పాపిన్స్ అన్నీ ఈ కోవలోవే. టైమ్స్ న్యూ రోమన్‌కి ఆ అడ్డగీతలు ఉంటాయి కాబట్టి అది వేరు.

ఇటాలిక్‌లో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో అక్షరం ఆకారమే మారుతుంది. వర్డ్‌లో కాలిబ్రి పెట్టి ఇంగ్లిష్ చిన్నబడి 'ఏ' కొట్టండి. మామూలుగా దానికి పైన ఒక కొక్కెం, కింద ఒక బొజ్జ ఉంటాయి. ఇటాలిక్ చేయగానే పైన కొక్కెం పోయి, మనం చేత్తో రాసే గుండ్రటి 'ఏ' అవుతుంది. గిల్ సాన్స్‌లోనూ ఇంతే.

రెండో రకాన్ని ఆబ్లిక్ అంటారు. ఇందులో ఆకారం మారదు, అక్షరం కుడివైపు ఒరుగుతుంది. ఏరియల్, హెల్వెటికా ఈ రకం. హెల్వెటికా ఒరుగు 12 డిగ్రీలు. ఇది కూడా అసలైనదే, ఎందుకంటే ఇది విడి ఫాంటు ఫైలుగా వస్తుంది. మంచి ఆబ్లిక్‌లో అయితే ఒరిగాక వంపుల్లో వచ్చే వికారాన్ని డిజైనర్ కూర్చుని సరిదిద్దుతాడు. అందువల్ల 'ఏ' ఆకారం మారలేదు కాబట్టి ఇది నకలు అని తేల్చేయకండి. అసలో నకలో చెప్పేది ఫాంటు ఫైలు ఒక్కటే.

నకలుని కంటితో పట్టాలంటే పెద్దబడి 'ఓ', 'ఎస్' అక్షరాలను బాగా పెద్దవి చేసి చూడండి. నకలు 'ఓ'లో మందమంతా పై కుడి మూలకీ కింద ఎడమ మూలకీ సాగిపోయి, కోడిగుడ్డుని పక్కకి నొక్కినట్టు ఉంటుంది. నకలు బోల్డ్ అయితే అక్షరం చుట్టూ ఒకే మందంలో పూత పూసినట్టు ఉండి, ఇంగ్లిష్ 'ఈ', 'ఏ' లాంటి అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి.

2. పని మొదలుపెట్టే ముందు ఫైలు ఉందో లేదో చూడండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఇబ్బంది పడతారు. రెండు నిమిషాలు కూడా పట్టదు.

విండోస్‌లో ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి, కావాల్సిన కుటుంబం మీద డబుల్ క్లిక్ చేయండి. రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్ అని నాలుగూ విడివిడిగా కనిపిస్తే అసలుది ఉన్నట్టే. ఫైలు పేర్లు కూడా గుట్టు చెప్పేస్తాయి. ఏరియల్ బోల్డ్ ఇటాలిక్ ఫైలు పేరు చివర 'బీఐ' ఉంటుంది. కాలిబ్రి, వెర్డానాలకు 'జెడ్' ఉంటుంది.

మనవాళ్లు ఇష్టంగా వాడే ఈ ఫాంట్లకు, విండోస్‌లోనో గూగుల్ ఫాంట్స్‌లోనో దొరికే రూపంలో, ఇటాలిక్కే లేదు:

- ఇంపాక్ట్
- ఏరియల్ బ్లాక్
- తహోమా (రెగ్యులర్, బోల్డ్ మాత్రమే)
- ఆస్వాల్డ్
- బేబాస్ న్యూయె

వీటి మీద వర్డ్‌లో ఐ నొక్కితే వంగుతాయి. వంగాయి కదా అని మురిసిపోకండి, అది నకలే. థంబ్‌నెయిల్స్‌లో కనిపించే ఒరిగిన ఇంపాక్ట్ అంతా ఇదే బాపతు.

ఏ సాఫ్ట్‌వేర్ నకలు చేస్తుంది, ఏది చేయదు అన్నది కూడా తెలిసి ఉండాలి. వర్డ్, లిబ్రెఆఫీస్ అడక్కుండానే నకలు చేసేస్తాయి. ఫోటోషాప్‌లో క్యారెక్టర్ ప్యానెల్ అడుగున ఉండే బటన్ల పేర్లే 'ఫాక్స్ బోల్డ్', 'ఫాక్స్ ఇటాలిక్'. ఫాక్స్ అంటేనే ఉత్తుత్తిది. వాటి జోలికి వెళ్లకుండా పైన ఫాంటు పేరు పక్కన ఉన్న స్టైల్ జాబితాలోంచి బోల్డ్ ఇటాలిక్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్ ఈ విషయంలో నిక్కచ్చి మనిషి. ఫైలు లేకపోతే షార్ట్‌కట్ ఎన్నిసార్లు కొట్టినా ఉలకదు, పలకదు. కాన్వాలో స్టైల్ లేని ఫాంటుకి బీ, ఐ బటన్లు మసకబారి ఉంటాయి. అది లోపం కాదు, మనకు చేసే మేలు.

ఏ ఫాంటు తీసుకోవాలో తోచకపోతే గూగుల్ ఫాంట్స్ నుంచి ఓపెన్ సాన్స్, నోటో సాన్స్, మాంట్‌సెరాట్, పాపిన్స్‌లలో ఒకటి దించుకోండి. నాలుగింటికీ అసలైన బోల్డ్ ఇటాలిక్ ఉంది, వ్యాపారానికి వాడుకున్నా డబ్బు కట్టక్కర్లేదు. మా ఫ్లెక్సీకి నేను పాపిన్స్ తీసుకుంటాను. 'ఓ', 'జీ' అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి తెలుగు గుండ్రదనం పక్కన పొసగుతుంది.

3. ఏ మాటలకు వాడాలో ముందే రాసుకోండి

బోల్డ్ ఒక కేక, ఇటాలిక్ ఒక ఒరుగు. రెండూ కలిస్తే పరుగెత్తుతూ కేక వేసినట్టు ఉంటుంది. ఆటల పోటీలు, బైకులు, కొరియర్, డిస్కౌంట్, 'ఈ రోజే ఆఖరు' లాంటివాటికి అది సరిగ్గా సరిపోతుంది. సంతాప ప్రకటనకి, ఆసుపత్రి సూచనల బోర్డుకి, ప్రార్థన మందిరం ఆహ్వానానికి సరిపోదు.

కంప్యూటర్ ముందు కూర్చోకముందే కాగితం మీద మొత్తం మ్యాటర్ రాసి, బోల్డ్ ఇటాలిక్ కావాల్సిన మాటల కింద గీత గీయండి. నా లెక్క ఇది:

- ఫ్లెక్సీ, పోస్టర్: ఒక్క చోట, రెండు మూడు మాటలు
- థంబ్‌నెయిల్: ఒకటి నుంచి మూడు మాటలు
- కరపత్రం: ఒక శీర్షిక, ఒక ధర
- పుస్తకం, నివేదిక: చిన్న ఉపశీర్షికలు, లేదా పేరా మొదట్లో వచ్చే రెండు మాటలు
- పేరా మొత్తం: ఎప్పుడూ వద్దు

మా ఫ్లెక్సీలో గీత పడేది 'గ్రాండ్ ఓపెనింగ్' కింద మాత్రమే. షాపు యజమాని తప్పకుండా "నా పేరు కూడా అలాగే పెట్టండి, ఫోన్ నంబరు కూడా" అంటాడు. అన్నీ కేకలేస్తే ఏదీ వినబడదని చెప్పండి. వినకపోతే రెండు నమూనాలు చేసి ఫోన్లో పక్కపక్కన చూపించండి. పది మాటల వాదన కంటే అదే బాగా పనిచేస్తుంది.

4. పరిమాణం, దూరం లెక్క

బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది. 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవగలరు. రోడ్డుకి అవతల 60 అడుగుల దూరం నుంచి చదవాలంటే 6 అంగుళాలు కావాలి. బోల్డ్ ఇటాలిక్‌కి నేను ఇంకో అంగుళం, అంగుళంన్నర కలుపుతాను. ఒరిగిన అక్షరాలు దూరం నుంచి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

10 అడుగులంటే 120 అంగుళాలు, 6 అడుగులంటే 72. అంగుళానికి 72 చుక్కల చొప్పున ఫైలు చేస్తే 8640 బై 5184 పిక్సెల్స్ వస్తుంది. రోడ్డు మీద దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది చాలు. అక్షరాలను మాత్రం ఫోటోషాప్‌లో కాకుండా కోరెల్‌లోనో ఇలస్ట్రేటర్‌లోనో పెడితే అంచులు ఎంత పెద్దది చేసినా పదునుగా ఉంటాయి.

5. అమర్చడం

ఇప్పుడు అసలు పని. ఈ వరసలోనే చేయండి, తారుమారు చేస్తే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ముందు మ్యాటరంతా రెగ్యులర్ నిలువు అక్షరాల్లో టైపు చేసి, అచ్చుతప్పులు దిద్దండి. తర్వాత పరిమాణాలు ఇవ్వండి. ఆ తర్వాతే స్టైల్ మార్చండి.

స్టైల్ మారాక అక్షరాల మధ్య ఎడం చూడండి. అన్నీ పెద్దబడి అక్షరాలైతే ఎడం కాస్త పెంచాలి. ఇలస్ట్రేటర్, ఫోటోషాప్‌లలో ట్రాకింగ్ 10 నుంచి 25 మధ్య పెట్టి చూస్తాను. చిన్నబడి అక్షరాలైతే ఫాంటు ఇచ్చిన ఎడం సరిపోతుంది. పెద్దబడి 'ఏ', 'వీ' పక్కపక్కన వచ్చినచోట, 'ఎల్' తర్వాత 'టీ' వచ్చినచోట గుంత పడుతుంది. అక్కడ కర్సర్ పెట్టి చేత్తో దగ్గరికి లాగండి.

ఎడమ అంచు మీద ఒక కన్నేయండి. నిలువు అక్షరాల వరస పైన ఒరిగిన వరస వస్తే, కొలత ప్రకారం రెండూ ఒకే గీత మీద ఉన్నా, కంటికి పై వరస కుడికి జరిగినట్టు అనిపిస్తుంది. దాన్ని ఒక పిసరు ఎడమకి జరపండి. ఎంత అంటే కొలత చెప్పలేను. మీ కన్ను "సరే" అనేంత.

బ్రాకెట్లు, కొటేషన్ గుర్తులు కూడా ఒరిగిన స్టైల్లోనే ఉండాలి. మాట ఒరిగి, దాని చుట్టూ బ్రాకెట్ నిలువుగా ఉంటే చివరి అక్షరం తల వెళ్లి బ్రాకెట్‌కి కొట్టుకుంటుంది. చిన్నబడి 'ఎఫ్', 'ఎల్', 'డీ' దగ్గర ఇది మరీ ఎక్కువ. తప్పనిసరై నిలువు బ్రాకెట్ ఉంచితే మధ్యలో సన్నని ఎడం ఇవ్వండి.

మాట వెనక రంగు పట్టీ వేస్తారా? అయితే ఆ పట్టీని కూడా అక్షరాలు ఒరిగిన డిగ్రీలకే ఒరిగించండి. 12 డిగ్రీల అక్షరం వెనక 20 డిగ్రీల పట్టీ ఉంటే రెండూ పోట్లాడుకుంటాయి. కోణం తెలియకపోతే పెద్దబడి 'ఐ' అక్షరం పక్కన ఒక గీత గీసి, అక్షరానికి అతుక్కునేదాకా తిప్పండి. ఆ గీత కోణమే మీకు కావాల్సిన లెక్క. లేదా నలుచదరపు పట్టీ పెట్టేసి ఊరుకోండి. ఎర్రటి నలుచదరపు పట్టీలో తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్ పెట్టడం అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ పద్ధతి. అందులో అక్షరం ఒక్కటే ఒరుగుతుంది, పట్టీ నిటారుగానే ఉంటుంది. అది బాగుండటానికి కారణం కూడా ఆ తేడాయే.

ఇక అంచులు, నీడల సంగతి. మన ఫ్లెక్సీలలో అక్షరానికి తెల్ల అంచు, దాని చుట్టూ నల్ల అంచు, ఆ చుట్టూ పసుపు మెరుపు, దాని కింద నీడ వేయడం మామూలే. ఒరిగిన లావు అక్షరానికి ఇన్ని తొడుగులు తొడిగితే అది చలికాలం పొద్దున్నే దుప్పటి కప్పుకున్న మనిషిలా కనిపిస్తుంది. ఒకే అంచు, అదీ బయటివైపుకే వేయండి. లోపలివైపు వేస్తే అక్షరం సన్నబడి, బోల్డ్ అన్న మాటకే అర్థం ఉండదు.

6. తెలుగు మాటొచ్చినప్పుడు

ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. అందుకే కాస్త విడమరిచి చెబుతాను.

తెలుగు అచ్చులో ఇటాలిక్ మన సొంత అలవాటు కాదు. తెలుగు ఫాంట్లు చాలావాటికి ఇటాలిక్ ఫైలే ఉండదు. నోటో సాన్స్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా తొమ్మిది మందాలున్నాయి, ఇటాలిక్ లేదు. హింద్ గుంటూరులో ఐదు మందాలు, ఇటాలిక్ లేదు. అనెక్ తెలుగులో మందంతోపాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు, ఇటాలిక్ మాత్రం లేదు. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐలకూ లేదు. మండలి, మల్లన్న, ఎన్‌టీఆర్ లాంటివి ఒకే ఒక్క మందంలో దొరుకుతాయి కాబట్టి వాటికి బోల్డ్ కూడా నకలే.

ఇంకో ఉచ్చు ఉంది. హింద్ గుంటూరు, అనెక్ తెలుగు ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఉంటాయి. ఆ ఫాంటులోనే ఇంగ్లిష్ మాట కొట్టి ఐ నొక్కితే, ఆ ఇంగ్లిష్ కూడా నకలుగానే ఒరుగుతుంది. అంటే ఇంగ్లిష్ మాటకి వేరే ఫాంటు పెట్టక తప్పదు.

సరే, తెలుగుని బలవంతంగా వంచితే ఏమవుతుంది? మన తలకట్టు అసలే టిక్కు మార్కులా కుడివైపు లేచి ఉంటుంది. అక్షరాన్ని కుడికి తోస్తే దాని పొడుగు చెయ్యి ఇంకా సాగి పడుకుంటుంది, పొట్టి చెయ్యి నిటారుగా నిలబడుతుంది. పైనున్నది కుడికి పోతుంది, కిందున్న వత్తు ఎడమకి జరుగుతుంది. 'రాష్ట్రం' లాంటి మాటలో రెండు వత్తులూ వెళ్లి పక్క అక్షరం కిందకి చేరతాయి. దానికి నకలు బోల్డ్ తోడైతే 'ఠ', 'థ'ల లోపలి చుక్క మూసుకుపోతుంది, 'కి'కి 'కీ'కి తేడా తెలియదు, 'ద', 'ధ' ఒకటైపోతాయి. 'ధనం' అన్న మాట దూరం నుంచి ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి.

అందుకని తెలుగుకి నేను చేసేది ఇది:

- నిలువుగానే ఉంచి, అసలైన లావు ఫాంటు వాడతాను. రామభద్ర, బాలూ తమ్ముడు 2 ఎక్స్‌ట్రాబోల్డ్, అనెక్ తెలుగు ఎక్స్‌ట్రాబోల్డ్, నోటో సాన్స్ తెలుగు బ్లాక్ ఏదైనా సరే.
- ఒరుగు ఇచ్చే ఊపు కావాలంటే అక్షరాన్ని కాకుండా వెనక పట్టీని ఒరిగిస్తాను.
- లేదా రంగు మారుస్తాను. పక్కన ఇంగ్లిష్ ఏ రంగులో ఒరిగిందో తెలుగు ఆ రంగులోనే నిలబడితే రెండూ ఒక జట్టు అని తెలుస్తుంది.
- పుస్తకంలో ఇంగ్లిష్‌వాళ్లు ఇటాలిక్ పెట్టేచోట, అంటే పుస్తకాల పేర్లకీ నొక్కి చెప్పే మాటలకీ, తెలుగులో ఒంటి కొటేషన్ గుర్తులో బోల్డో పెడతాను.

కస్టమర్ "వంగాల్సిందే" అని పట్టుబడితే? ఫాంటు బటన్ కాకుండా చేత్తో వంచండి. అసలైన లావు ఫాంటులో మాట కొట్టి, కర్వ్స్‌గా (అంటే అక్షరాలను ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా) మార్చి, ట్రాన్స్‌ఫార్మ్‌లో ఉండే స్క్యూతో 6 నుంచి 8 డిగ్రీలు ఒరిగించండి. ఇంగ్లిష్‌కి ఉన్న 12 డిగ్రీలు తెలుగుకి ఎక్కువవుతాయి. తర్వాత వత్తులని ఒక్కొక్కటిగా పట్టుకుని వాటి అక్షరాల కిందకి తిరిగి జరపండి. పది నిమిషాల పని. రెండు మూడు మాటలకు మించి ఇలా చేయడానికి ఒప్పుకోకండి.

రెండు లిపులు పక్కపక్కన వచ్చినప్పుడు ఒకే పాయింట్ సైజు పెడితే తెలుగు చిన్నగా కనిపించవచ్చు. పాయింట్ల లెక్క వదిలేసి తెలుగు 'న' ఎత్తుని ఇంగ్లిష్ చిన్నబడి 'ఎక్స్' ఎత్తుతో పోల్చండి. తెలుగు కొంచెం ఎక్కువ ఉండాలి. చాలా జోడీలకు 10 నుంచి 15 శాతం పెంచితే కుదురుతుంది. వరసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి అక్షరం సైజుకి 120 శాతం చాలు. తెలుగుకి 140 నుంచి 160 దాకా కావాలి, లేకపోతే పై వరస వత్తులు కింద వరస గుడుల మీద కూర్చుంటాయి.

ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే అది ఫాంటు తప్పు కాదు. టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, అది ఉండే చోటు వెర్షన్‌ని బట్టి మారుతుంది. పాత వెర్షన్లలో ఇది మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్న పేరుతో ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి.

7. వెబ్‌సైట్లో పెట్టేవాళ్లకు

గూగుల్ ఫాంట్స్ నుంచి తీసుకునేటప్పుడు 'బోల్డ్ 700'ని, 'ఇటాలిక్ 400'ని విడివిడిగా ఎంచుకుని, రెండూ ఉన్నాయి కదా అని ఊరుకుంటారు. 'బోల్డ్ 700 ఇటాలిక్' మూడోది, దాన్ని విడిగా ఎంచుకోవాలి. లేకపోతే బ్రౌజర్ ఉన్నదాన్నే వంచేస్తుంది, లేదా ఉబ్బిస్తుంది.

నకలుని పూర్తిగా ఆపాలంటే సీఎస్ఎస్‌లో ఫాంట్ సింథసిస్ అనే ప్రాపర్టీకి 'నన్' అన్న విలువ ఇవ్వండి. ఇచ్చాక ఎక్కడైనా మాట ఒరగడం మానేస్తే అక్కడ ఫైలు అందలేదని అర్థం. తప్పు పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు.

తెలుగు పేజీల్లో ఈఎం ట్యాగ్ అలవాటుగా అక్షరాన్ని వంచుతుంది. తెలుగు భాష గుర్తు ఉన్న భాగాలకు ఆ ట్యాగ్‌ని నిలువు, 700 మందం అని మార్చి రాసుకోండి. ట్యాగ్ తీసేయకండి. నొక్కి చెబుతున్నామన్న అర్థం అందులోనే ఉంది, కనిపించే తీరు ఒక్కటే మారాలి.

8. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్

వాట్సాప్‌లో మాటకి రెండు వైపులా నక్షత్రం గుర్తు పెడితే బోల్డ్, కింద గీత (అండర్‌స్కోర్) పెడితే ఇటాలిక్. రెండూ పెడితే బోల్డ్ ఇటాలిక్. తెలుగు మాటకి బోల్డ్ ఒక్కటి చాలు.

ఇన్‌స్టాగ్రామ్ బయోలో కనిపించే ఒరిగిన లావు అక్షరాలు మాత్రం వేరే సరుకు. 'ఫ్యాన్సీ టెక్స్ట్' సైట్లు ఇచ్చేవి ఫాంటు కాదు. యూనికోడ్‌లో గణితం కోసం విడిగా పెట్టిన గుర్తులవి. 2001లో వచ్చిన యూనికోడ్ 3.1లో వీటిని చేర్చారు. ఇంగ్లిష్ పెద్దబడి 26, చిన్నబడి 26, కొన్ని గ్రీకు అక్షరాలు. తెలుగు అక్షరాలు లేవు. అంకెలకు కూడా బోల్డ్ ఇటాలిక్ రూపం లేదు, అందుకే పేరు ఒరిగినా ఫోన్ నంబరు ఒరగదు.

వీటితో అసలు ఇబ్బంది అది కాదు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఈ అక్షరాలను మాటగా చదవలేకపోవచ్చు. ఒక్కో అక్షరానికీ 'మ్యాథమెటికల్ సాన్స్ సెరిఫ్ బోల్డ్ ఇటాలిక్ క్యాపిటల్' అంటూ మొదలుపెట్టవచ్చు, లేదా మొత్తం వదిలేయవచ్చు. పాత ఫోన్లలో డబ్బాలు కనిపిస్తాయి. షాపు పేరు, ఊరు, ఈమెయిల్ వీటిలో రాయకండి. అలంకారానికి ఒక మాట ఉంటే ఉండనివ్వండి, పేరు మాత్రం మామూలు అక్షరాల్లోనే రాయండి.

ఆ గుర్తుల అసలు వాడకం ఇంజనీరింగ్, ఫిజిక్స్ విద్యార్థులకు పనికొస్తుంది. ఐఎస్ఓ 80000-2 ప్రమాణం ప్రకారం వెక్టార్‌ని బోల్డ్ ఇటాలిక్‌లోనూ, టెన్సర్‌ని సాన్స్ బోల్డ్ ఇటాలిక్‌లోనూ రాయాలి. ప్రాజెక్టు రిపోర్టులో రెండింటికీ ఒకే ఫాంటు వాడితే ఏది ఏదో తేలదు. లేటెక్‌లో యూనికోడ్ మ్యాథ్ ప్యాకేజీ దీనికి దారి చూపిస్తుంది.

9. తరచూ వచ్చే తిప్పలు, వాటికి మందు

నా కంప్యూటర్లో బాగుంది, ప్రింటులో వేరే ఫాంటు వచ్చింది. ఇది నాకూ జరిగింది. ఒక ప్రింటింగ్ షాపుకి ఓపెన్ ఫైలు పంపాను. వాళ్ల దగ్గర నా ఫాంటు లేదు, సాఫ్ట్‌వేర్ అడిగిన ప్రశ్నకి ఎవరో ఓకే నొక్కేశారు. 'గ్రాండ్ ఓపెనింగ్' కాస్తా ఏరియల్‌లో నిటారుగా నిలబడి వచ్చింది. అప్పటికే ఫ్లెక్సీ కర్రలకి ఎక్కేసింది. అప్పటినుంచి కోరెల్‌లో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌గా మార్చకుండా ఏ ఫైలూ బయటికి పంపను. ఇలస్ట్రేటర్‌లో దీన్నే క్రియేట్ అవుట్‌లైన్స్ అంటారు. మార్చే ముందు అసలు ఫైలు వేరే పేరుతో దాచుకోవాలి, ఎందుకంటే కర్వ్స్ అయ్యాక అక్షరదోషం దిద్దలేరు.

చిన్న తెల్ల అక్షరాలు నల్ల నేపథ్యం మీద మూసుకుపోయాయి. నాలుగు రంగులు కలిపిన నలుపు మీద ప్లేట్లు ఒక వెంట్రుక జరిగినా ఒరిగిన సన్నని చోట్లు పూడిపోతాయి. కరపత్రంలో 9 పాయింట్ల కంటే చిన్న మాటకి ఈ స్టైల్ వద్దు. నల్ల అక్షరమైతే నల్ల ఇంకు ఒక్కటే 100 శాతం ఉండాలి.

అక్షరాలు ఒరిగాయి గానీ బోల్డ్ అనిపించడం లేదు. కొన్ని కుటుంబాల్లో సెమీబోల్డ్ ఇటాలిక్, బోల్డ్ ఇటాలిక్, ఎక్స్‌ట్రాబోల్డ్ ఇటాలిక్ పక్కపక్కన ఉంటాయి. ఒక మెట్టు పైకి వెళ్లండి. బీ బటన్‌తో దాని మీద ఇంకో పూత పూయకండి.

అను ఫాంటులో చేసిన మ్యాటర్ కాపీ చేస్తే పిచ్చి గుర్తులొచ్చాయి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని, తర్వాతే స్టైల్ సంగతి చూడండి.

థంబ్‌నెయిల్ కంప్యూటర్లో అదిరింది, ఫోన్లో చదవలేకపోతున్నాం. బొమ్మని 10 శాతానికి కుదించి చూడండి. చదవలేకపోతే సైజు పెంచే ముందు మాటలు తగ్గించండి.

10. ప్రెస్సుకి పంపే ముందు

- స్టైల్ పేరులో బోల్డ్ ఇటాలిక్ అని కనిపిస్తోందా, ఫాక్స్ బటన్లు ఆఫ్‌లో ఉన్నాయా
- ఒరిగిన మాటలు ఒక్క చోటే ఉన్నాయా
- తెలుగు నిలువుగా ఉందా, వత్తులు వాటి అక్షరాల కిందే ఉన్నాయా
- బ్రాకెట్లు, కొటేషన్లు కూడా ఒరిగాయా
- వెనక పట్టీ కోణం అక్షరాల కోణంతో కలిసిందా
- అంచు బయటివైపే ఉందా, ఒక్కటే ఉందా
- కర్వ్స్ చేయని అసలు ఫైలు విడిగా దాచారా
- తెరకి పది అడుగుల దూరం నడిచి, కళ్లు సగం మూసి చూశారా
- ఈ డిజైన్ అసలు చూడని మనిషి చేత ఒకసారి పైకి చదివించారా
- ఫ్లెక్సీలో ఉన్న నంబరుని మ్యాటర్ కాగితం చూడకుండా ప్రూఫ్‌లోంచే చూసి డయల్ చేశారా, షాపాయనే ఎత్తాడా